ఏడోది

బరంపురం పెద్దాసుపత్రి, మనసు వార్డు.
దుప్పట్లు మార్చడం, పొద్దుగూకితే కిటికీలు వెయ్యడం నా పని.
పదకొండో మంచానికి ఎర్రమ్మ వచ్చాక
ఇంకోటి చేరింది.
ఆవిడ తెలుగుని డాక్టరు ఒడియాలోకి మొయ్యడం.

మొయ్యడానికేముంది, పంతొమ్మిది రోజులుగా
ఒకటే మాట.
"ఎండనేదు."

శుఖిలా నాహిఁ, అన్నాను.
ఏది? అన్నాడు మహాపాత్ర బాబు, కలం ఎత్తి.
చీరా? పుండా? తల స్నానం చేయించారా?

చేప బాబూ, అన్నాను.
మీరు నోళియాలంటారే, ఆ మనుషులం మేము.
రుషికుల్య మొగ పక్కన ఇసక మీద వల పరిచి
కవళ్లు ఆరబోసి, కాకిని తోలుతూ
పిల్లలకి చెప్పే కథ ఒకటుంది.
రాజుకి కొడుకులు ఏడుగురు. తెచ్చినవి ఏడు.
ఆరు ఎండాయి.

ఆయన కలం మూశాడు. చెప్పు, అన్నాడు.

గడ్డిమోపుని "ఘాస" అన్నాను, తేలిపోయింది.
చీమని "పింపుడి" అన్నాను, పక్కమంచం ముసలాయన నవ్వాడు.
చేప మోపు మీద చెప్పింది, మోపు ఆవు మీద,
ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద,
అవ్వ చంటిదాని మీద.
చిన్నప్పుడు ఇక్కడే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.
వేరే భాషలోకి దింపుతుంటే
నా గొంతుకి చెమట పట్టింది.

మా పేటలో పంచాయితీ ఇలాగే కూర్చుంటుంది కదా.
పడవ తిరగబడితే సరంగు మోటారంటాడు,
మోటారు వేసినవాడు డీజిలంటాడు,
డీజిలు పోసినవాడు లంగరేసిన గాలినంటాడు.
చూపుడువేలు ఇంటింటికీ తిరిగి
ఎక్కడా మంచినీళ్లైనా తాగకుండా వెళ్లిపోతుంది.
అంతసేపూ చేప తడిగానే ఉంటుంది. ఈగ వాలుతుంది.
ఎందుకు ఎండలేదని అడిగారు గానీ
ఎలా ఉన్నావని
దాన్ని ఒక్కరైనా అడిగారా?

ఎర్రమ్మకి చూపడానికి వేలు లేదు బాబూ.
ఆమె మొగుడు సూరాడ కోదండం
మెట్ల మీద బీడీ ఆర్పి నాతో చెప్పాడు:
పోటు రాత్రి, నీళ్లు గడప దాటుతుంటే
అందరూ గట్టుకెక్కేశారు.
"తట్టలు తడుస్తాయిరా" అని అరిచిందట ఈవిడ.
తొమ్మిదేళ్లోడు వెనక్కి పరిగెత్తాడు.
గోడ ఉంది, తరవాత లేదు.

ఈ మాట ఒడియాలోకి తేవడానికి
నేను గోడ వైపు తిరగాల్సొచ్చింది.

డాక్టరు చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు.
కుర్చీ ముందుకి లాక్కుని
రాని తెలుగులో, నన్ను దాటి, ఆవిడనే అడిగాడు.
"చీమ... ఏం చెప్పింది, అమ్మా?"

ఫ్యాను తిరిగింది.
ట్రాలీ ఒకటి కీచుమంటూ పోయింది.
ఎర్రమ్మ కళ్లు కప్పు మీంచి దిగాయి.

"సీమా?" అంది.
"దాని కొంపలో సెయ్యెడితే అదూరుకుంటాదేటి?"

అని లేచి కూర్చుంది.
సముద్రం ఏ దిక్కునుందో ఎలా తెలిసిందో తెలీదు,
ఆ వార్డులోంచి దాని చప్పుడు కూడా రాదు,
తూర్పు గోడకేసి మొహం పెట్టి
మొదలెట్టింది.
దాని పుట్టుకని, దాని ఉప్పుని, దాని అంతులేని కడుపుని,
రాళ్లేస్తామని రాళ్లెయ్యని బాబుల్ని,
మధ్యలో తననీ ఒక మాట, కొడుకునీ ఒక మాట,
ఎందుకెళ్లావురా ఎదవా అని,
మళ్లీ సముద్రాన్ని, ఏడు తరాల వెనక్కి.
వార్డంతా మంచాల మీద లేచి కూర్చుంది.

ఏమంటోంది, అన్నాడు డాక్టరు.
ఆ తిట్లకి ఒడియా నాకు రాదు.
కుడుతోంది బాబూ, అన్నాను.

రాయకుండా కూర్చున్నాడు. భోజనాల గంట కొట్టినా కూర్చున్నాడు.

సాయంత్రం తలగడ తీశాను. పిండితే నీళ్లొచ్చేలా ఉంది.
తీగ మీద వేద్దామంటే పొద్దు వాలిపోయింది.
కిటికీ కమ్మీకి ఆనించి
ఆ ఒక్క రెక్క మాత్రం
వెయ్యకుండా వదిలేశాను.