బుగ్గ ఆరితే

ములుగు రోడ్డుల మా షట్టర్ సగం దించినంక
ఓదెలు వచ్చిండు, మోపెడ్ ఎనక మిషను కట్టుకొని.
పరకాల కాడ కేజ్ వీల్స్ చేస్తడు.
నాట్లు దగ్గరపడ్డయి, ఇంకా ఆరు జతలియ్యాల్నట.
"టప్పుమన్నదన్నా. గంతే. పొగ గూడ రాలే."

మూత ఇప్పకముందే వాసన చెప్పింది.
అయినా వాసన మీద బిల్లు రాయలేం గద.

ముందుగాల కెపాసిటర్లు ఖాళీ చేసిన.
కరెంటు తీసిన మిషను చచ్చిన పామనుకొని
మా ఉస్తాద్ యాకయ్య ఒకపారి చెయ్యిపెట్టిండు,
చిటికెనేలు గోరు ఇప్పటికీ నల్లగనే మొలుస్తది.

నాలుగు ఐజీబీటీలు.
ఊడబీకి, మీటరు డయోడ్ మీద పెట్టి
ఒక్కొక్కదాన్ని అడిగిన.
మొదటిది అటూ కూసింది, ఇటూ కూసింది. ఖతం.
రెండోది గూడ అంతే.
మూడోదానికి గేటే కాలిపోయింది.
నాలుగోది మాత్రం
ఒకదిక్కు మాట్లాడి, ఒకదిక్కు నోరు మూసుకున్నది,
ఎట్లుండాల్నో అట్ల.

"గది మంచిగుంటే ఉంచరాదే. మూడే ఎయ్యి,
డీజిల్ పైసలన్న మిగులుతయి."

ఎట్ల చెప్పాలె?
మీటరు అడిగేది మూడు వోల్టుల గొంతుతోని.
లోపల దాని మీద పడేది మూడు వందలు.
మెల్లగ అడిగితే ఎవడైనా మంచోడే.
పోయినేడు గిసొంటిదాన్నే ఒకటి నమ్మిన,
కొత్తయి మూడింటినీ ఎంట తీస్కపోయింది.
ఆ ఆసామి మళ్ల నా షట్టర్ దిక్కు చూడలే.

నాలుగూ మార్చిన.
కొత్తయి గూడ నమ్మేటివా?
థిన్నర్ల దూది ముంచి వీపు రుద్దిన, పేరు చెరగలే.
గేటు రెసిస్టర్లు రెండు మాడినయి, అవి గూడ ఏసిన.
తెల్ల పేస్టు గోరుసందుల్ల ఇర్కింది.

ఇగ మెయిన్సుకు నడుమ వంద వాట్ల బుగ్గ.
దుకాణంల లైటు బంజేసిన,
తీగ ఎంత ఎర్రగున్నదో చీకట్లనే తెలుస్తది.
ఓదెలు గోడకానుకున్నడు.
స్విచ్చి ఏసిన.

భగ్గున ఎలిగింది.
రేకులు, బల్లి, ఆయన గడ్డం మీద కాలిన మచ్చ
అన్నీ ఒక్కసారే అగుపడ్డయి.
"ఎలిగిందే!" అన్నడు సంబురంగ.
ఎలిగినట్టే ఉంటే మునిగినట్టు, చెప్పలే.
చెయ్యి అడ్డంబెట్టి ఆగుమన్న.

పసుపు.
ఎరుపు.
తీగంత ఎరుపు.
ఆరింది.

చీకట్ల మిషను ఫ్యాను సప్పుడు.
ఇద్దరం కొద్దిసేపు లైటెయ్యలే.

పొయ్యేటప్పుడు నాలుగోదాన్ని బల్ల మీదికెల్లి తీస్కొని
అంగీ జేబుల ఏసుకున్నడు.
"ఏం జేస్తవ్ దాన్ని?"
"ఏమోనే," అన్నడు, మోపెడ్ తొక్కుకుంట,
"మంచిదే గద."