వాన సీను

పోచమ్మ మైదాన్ల బట్టల దుకాణం మీద
రేకుల గది, మా రిపేరు షాపు.
ఏప్రిల్ పగటీలి. పంకా తిరుగుతది గని
గాలి ఎటు పోతదో తెల్వది.

అట్టపెట్టె మీద మదర్‌బోర్డు.
కేబినెట్ లేదు, మూత లేదు,
ఒలిచిన సీతాఫలం లెక్క
గింజలన్నీ బయటికే.

కాజీపేటల మూతపడ్డ నెట్ సెంటర్‌ది.
పన్నెండు బోర్డులు కిలోల లెక్కన అమ్మిండ్రు,
పదకొండు సచ్చినయి.
ఇదొక్కటి స్విచ్చు నొక్కంగనే
సన్నగ బీప్ అన్నది,
పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు.

"గేములు ఆడుతదా అక్కా?" అన్నడు ఓదెలు.
పరకాల పక్కన ఊరు, పాలిటెక్నిక్ రెండో యేడు.
"ఆడుతదా అని కాదు,
ఎంతసేపు ఆడుతదో అడుగు" అన్న.
ఆన్ అయినదల్లా బాగున్నట్టు కాదు.
బరువు ఎత్తాలె. ఎత్తి నిలబడాలె.

వాళ్ల బాపు మొగిలి మూలకు కూసున్నడు.
ఎనుమాముల మార్కెట్ల నలభై బస్తాల మిర్చి దించి
రెండు రోజులాయె, ధర తెగలే.
నీడ దొరుకుతదని కొడుకెంబడి వచ్చిండు.
ఆయన తువ్వాల దులిపితే
నాకు తుమ్ములు.
గోడకొరిగి ఎప్పుడు నిద్రవోయిండో చూడలే.

పేస్టు పెట్టిన, కందిగింజంత, ఎక్కువ కాదు.
కూలర్ బిగించి, షాపుల ఉన్న మంచి గ్రాఫిక్స్ కార్డు తగిలించిన,
నజీరుద్దీన్ భాయ్ చూస్తే తిడుతడు.
కార్ల గేము ఎక్కించిన.

ఎండ రోడ్డు మీద తొంభై ఆరు ఫ్రేములు.
ఓదెలు ఈల ఏసిండు.
ఊరు నడుమ ఎనభై, సొరంగంల నూట పది.
వేడి డెబ్బై రెండు.
"తీస్కుంటనక్కా."
"ఆగు. వాన సీను రానీ."

ఏ బోర్డుకైనా వానే పరీక్ష.
చినుకు చినుకుకు లెక్క కట్టాలె,
తడి రోడ్డు మీద ప్రతి లైటు
ఇంకోసారి పుట్టాలె.
ఫ్యాన్లు గొంతు పెంచినయి.
డెబ్బై. అరవై నాలుగు. నలభై ఒకటి.
ప్రాసెసర్ పక్కన లోహపు గట్టు మీద
వేలు పెట్టి గుంజుకున్న.
సరిగ్గ అప్పుడే ఉరిమింది.
పెద్ద స్పీకర్ల నుంచి
జడివాన.

మొగిలి లేచిండు.
కండ్లు తెరవకముందే లేచిండు.
"తాటిపత్రి! ఓదెలూ, తాటిపత్రి!"
స్టూలు పడ్డది. చెప్పులు ఈడనే ఉన్నయి.
పదిహేను మెట్లు
నాలుగు చప్పుళ్లల్ల దిగిండు.

కిటికీల నుంచి చూసినం.
నడిరోడ్డు మీద నిలబడ్డడు
అరచేతులు పైకి వెట్టి.
ఎండ.
మబ్బు తునక లేదు.
చెరుకురసం బండాయన ఏందో అడుగుతుండు,
ఈయన చెప్తలేడు.
చేతులు మటుకు దించలే, శానసేపు.

ఓదెలు స్క్రీను దిక్కు చూస్తలేడు.
గేముల కారు పోయి గోడకు గుద్దుకుని
ఒట్టిగ చక్రాలు తిప్పుతున్నది.

సౌండు బంద్ చేసిన.
పరీక్ష ఆపలే. పది నిమిషాలు నిండాలె,
లేకుంటే ఆ లెక్కకు ఇలువ లేదు.
చప్పుడు లేని వానల
ముప్పై ఎనిమిదికి దిగింది,
మళ్ల పైకి రాలే, కిందికీ పోలే.
వేడి తొంభై ఒకటి కాడ ఆగింది.

మొగిలి వచ్చి తలుపు కాడ నిలబడ్డడు.
కొడుకును చూడలే, నన్ను చూడలే.
స్క్రీను చూసిండు.
"గింత వానల
ఎవ్వల పంట తడుస్తలేదా బిడ్డా?"
"లేదు కాకా," అన్న, "ఉత్త రోడ్డే."
తల ఊపి చెప్పులేసుకున్నడు.

రెండువేల నాలుగొందలు అన్న.
ఓదెలు జేబుల చెయ్యి పెట్టి, తీసి,
"మిర్చి ధర తెగినంక వస్తనక్కా" అన్నడు.
అట్టపెట్టె మీద మార్కర్‌తోని రాసిన:
ఓదెలు. వానల ముప్పై ఎనిమిది. పడిపోలే.

పదకొండు దినాలాయె, పెట్టె ఇంకా అరల్నే ఉన్నది.
నిన్న పొద్దుమీకి నిజంగనే మబ్బు పట్టింది.
కిటికీ బయట చెయ్యి పెట్టి
ఎంతసేపు నిలబడ్డనో,
బల్ల మీద సోల్డరింగ్ ఐరన్
మొన కాలి నల్లబడ్డది.