పేరు లేని క్యాసెట్

పరకాల బస్టాండు ఎదురుంగ
సారంగపాణి మామ రికార్డింగ్ దుకాణంల
అట్టల మీద పాటల పేర్లు రాసుడు నా కొలువు.
తొమ్మిదో తరగతి తప్పినోన్ని,
దస్తూరి గుండ్రంగుంటదని పెట్టుకున్నడు.
అక్షరం తప్పు పోతే రూపాయి కోత.

అరవై నిమిషాల క్యాసెట్.
అటు ముప్పై, ఇటు ముప్పై.
శాయంపేట ట్రాక్టరు డ్రైవరు
ఇరవై పాటల చీటీ ఇచ్చి
"అన్నీ పట్టాలె" అనేటోడు.
పట్టవు.
ఆఖరి పాట చరణంల ఉండంగనే
టక్కున బటన్ ఎగిరేది.
జనం ఆ పాటను తెగినకాడికే నేర్చుకునేటోళ్ళు.
మిర్చి ఏరే కైకిళ్ళల్ల
సగం చరణంల అందరొక్కసారి ఆగి
పకపక నవ్వేటోళ్ళు.
ఎక్కడ ఆపాల్నో నాకు మొదట చెప్పింది
ఆ బటనే.

కరెంటు డిమ్ అయితే
ఆడగొంతు మెల్లగ మగగొంతయ్యేది.
మామ కండ్లు మూసుకుని వినేటోడు.
"సాగుతాంది. ఆపు."
ఇప్పుడు రాత్రిపూట రాసింది చదువుకుంటాంటె
వాక్యం ఒకటి బరువెక్కుతది,
మామ మాట వినిపిస్తది,
కొట్టేస్త.

ఇగ కొంరమ్మ సంగతి.
పత్తి తీసే దినాలు, రైకకు దూది అంటుకునే ఉన్నది.
కొంగు ముడి విప్పి క్యాసెట్ తీసింది.
"మా అక్క రాజవ్వ ఏడ్చింది బిడ్డా,
మా బావ సచ్చిననాడు.
ఎవడో పోరడు పట్టిండు.
ఇప్పుడు అక్క గూడ లేదు.
ఇద్దరు బిడ్డలకు ఇంకో రెండు తియ్యి."

పెట్టినం.
రాగం తీసి ఏడుస్తాంది రాజవ్వ.
అరచెయ్యి నేలకు కొడుతాంది, అదే తాళం.
ఎవరో దగ్గిండ్రు. మేక అరిచింది.
గొంతు మీదికి, మీదికి పోయి
ఇగ తెగుతదనంగ
మామూలు గొంతుతోటి అడిగింది:
"దూడెకు నీళ్ళు పెట్టిండ్రా?"
ఎవరో ఊఁ అన్నరు.
మళ్ళ ఎత్తుకున్నది,
విడిచిన సుతి కాడనే,
వెంట్రుక వాసి గూడ తప్పకుండ.

మామ డెక్కు మీద చెయ్యి పెట్టి అట్లనే నిలవడ్డడు.

"అట్ట మీద ఏం పేరు రాయాలె అవ్వా?"
"ఏడ్పుకు పేరెందుకుంటది?"
నేను రాసిన:
దూడెకు నీళ్ళు పెట్టిండ్రా.
ఎవరూ చెప్పకుండ నేను రాసిన మొదటి మాట.
చదివి వినిపిస్తే కొంరమ్మ నవ్వింది,
నవ్వు నడుమనే కొంగు నోట్ల కుక్కుకున్నది.
మామ రూపాయి కోసిండు,
ఇచ్చిన పేరు కాదని.

ఆ దుకాణంల ఇప్పుడు సెల్లు కవర్లమ్ముతరు.
మామకు ఎడమ చెవి వినబడదు.
నా కథల్ల చావు ఎప్పుడొచ్చినా
నేను దూడెను ఎతుకుత.
కొన్నిట్ల దొరకది.
అవి అచ్చుకు పంప.

ఇంకొకటున్నది.
ఆ ఏడ్పు పదకొండు నిమిషాలకే అయిపోయింది.
తర్వాత టేపుల ఉత్త సప్పుడు,
సన్నగ, ఇసుక జారినట్టు.
నేను ఆపబోతే కొంరమ్మ చెయ్యి పట్టుకున్నది.
"అది గూడ తియ్యి బిడ్డా.
మా అక్క ఇంక ఆడనే కూసున్నది కదా."

హన్మకొండ బస్సు పోయింది, రేగొండ బస్సు వచ్చింది.
పందొమ్మిది నిమిషాలు
ముగ్గురం విన్నం.