రెండు గంటల కరెంటు

ఈ వారం మా ఫీడరుకు కరెంటు
రాత్రి రెండింటికి.
స్టార్టరు పెట్టె పక్కన గుంజకు
ఒక బల్బు కట్టుకున్న్యా.
అది కండ్లల్లో పడితే లేయాల,
మోటారు ఒత్తాల,
చీనీచెట్లకు పాదు పాదుకూ మడవ తిప్పాల.
అంతవరకూ గోనెపట్ట మీద
నేనూ, నా కుక్క కర్రెన్నా.

"నిద్దరంటే ఏముందిలే,
దీపం ఆర్పితే చీకటి" అంటాడు
పక్కతోట వన్నూరప్ప.
ఆర్పిన దీపమే అయితే
ఈ కుక్క కాళ్ళు ఎందుకు కదలతాయి?
పండుకున్న తావునే
నాలుగు కాళ్ళతో గాలిని తవ్వతాంది,
గొంతులోనే మొరిగి
యా పందినో తరుమతాంది.
లేపితే సిగ్గుపడినట్టు నన్ను చూసి
మళ్ళా ముడుచుకుంటాది.

మాకు మూడు బోర్లు.
మొదటిది నూటెనబై అడుగులు, ఎండిపాయ.
రెండోదాంట్లో పొగలాగా ఉత్త దుమ్ము.
మూడోది ఏడొందల ఇరవైలో
రెండించుల నీళ్ళిచ్చింది.
నిద్దరా అట్లాంటిదేనేమో.
పైపైన దిగితే
పగలు మాట్లాడిన మాటలే పడతాయి,
టమాటా రేటు, సొసైటీ బాకీ,
హనుమక్క మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు.
ఇంకా దిగితే రాయి. ఏమీ ఉండదు.
ఆ రాయి కింద యాడో
చచ్చిపోయిన మా అన్న నాగలింగ
చెప్పులు చేతబట్టుకోని
"నా టార్చిలైటు యాడ పెడితివిరా" అని కసురుతాడు.
మేలుకోని ఎంత తలుచుకున్నా
ఆ గొంతు గుర్తుకు రాదు.
తాను చచ్చిపోయినట్టు ఆయనకు తెలీదు.
నేనూ చెప్పను.

పందులకు నేను కావలి.
నాకు కర్రెన్న కావలి.
మా ఇద్దరి నిద్దరకూ కలే కావలి.
మొన్న బల్బు వెలిగితే
కలలో అది తెల్లారడమైపాయ.
అమ్మ వాకిట్లో కల్లాపి చల్లుతా
"ఇంకా పొద్దుందిలే, పండుకో" అనె.
వచ్చిన వెలుతురుకు మాటలు చెప్పి
గడప బయటే కూర్చోబెట్టింది కల.
గంటన్నర కరెంటు వట్టిగా పాయ.
అమ్మ మీద కోపం చేసుకుంటానా?

నిన్న రాత్రి హగరి వచ్చింది.
నాకు తెలిసినకాడికి
ఇసుక ట్రాక్టర్లు తప్ప ఏమీ పారని హగరి
ఎర్రగా, నురగతో,
కంపచెట్లను ఈడ్చుకోని
మా గట్టెక్కి
నా మడిమలు తాకింది.
పరిగెత్తాలనుకుంటి, కాళ్ళు రాలా.
పోనీ రానీ అనుకుంటి.
అంత చల్లగా ఉంది.

కండ్లు తెరిస్తే
బల్బు వెలగతాంది.
మోటారు సప్పుడు.
మడిమల కింద నిజంగానే నీళ్ళు.
నాలుగో పాదుకాడ
చీర ఎగ్గట్టి, చేతిలో పారతో
హనుమక్క మడవ తిప్పతాంది.
ఊర్నుంచి ఈ చీకట్లో
ఆ మోకాళ్ళతో ఎప్పుడొచ్చిందో.

"లేపకూడదా?" అంటి.
"నవ్వుతాంటివి" అనె,
"ఎందుకులే అని."

కర్రెన్న ఇంకా లేయలా.
తడి గోనెపట్ట మీద
పరిగెత్తతానే ఉంది.