జూన్ ధర

కొత్త ఆట వచ్చిన రోజే కొనేవాడు
ఆటకి కాదబ్బీ, ఆత్రానికి కడతాడు దుడ్లు.
ఇది పెంచలయ్య మాట.
హవల్లీలో ఆటల కొట్ల ముందు మెట్ల మీద కూచుని
ఫలాఫిల్ రొట్టె చెరిసగం చేస్తూ అన్నాడు.

అద్దం వెనక డిస్కు. పద్దెనిమిది దినార్లు.
లాండ్రీవాణ్ణి, నాకు ఏ ధరైనా చొక్కాల్లోనే తెలుస్తుంది:
ఇస్త్రీకి వంద ఫిల్సు చొప్పున నూటెనభై చొక్కాలు.
కొట్టు టీవీలో ఆ ఆట దానంతటదే నడుస్తోంది.
ఘాటు రోడ్డు, వాన, ఒక బండి,
అద్దం మీద వైపర్లు అటూ ఇటూ.
ఈ దేశంలో నాకు లైసెన్సు రాదు,
జీతమూ చాలదు, చదువూ చాలదు.
వాన సంగతి చెప్పనే అక్కర్లేదు.

"ఆగు" అన్నాడు పెంచలయ్య.

ఆగడానికి అతని దగ్గర సొంత పంచాంగం ఉంది.
జీతాల వారం వర్జ్యం,
కొట్టువాడి చూపు అప్పుడు మన జేబులోనే ఉంటుంది.
రంజాన్లో సగం ధరని బోర్డు కడతారు,
ఏ ధరలో సగమని అడిగితే నవ్వుతారు.
పండగ మూడు రోజులూ అటు తొక్కకూడదు,
పిల్లల చేతుల్లో ఈదీ నోట్లు ఫెళఫెళలాడుతుంటాయి.
పదో రోజు వెళ్ళాలి.
ఆడి ఆడి విసుగెత్తిన డిస్కులు
అప్పుడొస్తాయి వెనక్కి, వేలిముద్రలతో సహా.
దీపం కింద వాల్చి చూడాలి:
అడ్డగీతైతే ఫర్వాలేదు, గుండ్రంగా తిరిగిందంటే వదిలెయ్.

జిలానీ ఫోన్లో తుర్కీ ధర చూపిస్తాడు, డిస్కే లేకుండా
గాల్లోంచి దిగుతుందట ఆట, మూడు దినార్లకే.
"తిరిగి అమ్ముకోలేనిది చవకెట్లా అయితాది?"
అంటాడు పెంచలయ్య.
తొమ్మిదేళ్ళుగా అన్ని ధరలూ తెలుసు అతనికి.
ఏదీ కొనలేదు.

అన్నిటికంటే మంచి నెల జూన్ అని కూడా అతనే చెప్పాడు.
బడులు మూస్తారు. ఖలాస్ చేసుకుని
కుటుంబాలు కుటుంబాలే లేచిపోతాయి.
లిఫ్టు పక్కన అట్టముక్కలు మొలుస్తాయి:
సోఫా, ఫ్రిజ్జు, పిల్లల సైకిలు.
ఈసారి మూడో అంతస్తు మిస్రీ సారుది.
ఆటల పెట్టె, రెండు కంట్రోలర్లు, పదకొండు డిస్కులు.
పదిహేను దినార్లు.

ఆ ఇంటి చొక్కాలు నా దగ్గరే ఉన్నాయి,
చీటీ మీద నా రాతే: గురువారం పొద్దున్నే ఇవ్వాలి.
అంటే విమానం గురువారం.
అంటే బుధవారం రాత్రి
ఎంతంటే అంత.

బుధవారం రాత్రి వెళ్ళాను.
తలుపు తీసింది కొడుకు, హైతమ్, పన్నెండేళ్ళుంటాయి.
ఇల్లంతా టేపు చప్పుడు.
ఐదన్నాను. తండ్రి లోపలి నుంచే సరేనన్నాడు,
అంత తొందరగా అంటాడనుకోలేదు.
వైర్లు చుట్టలు చుట్టి ఇస్తూ అబ్బాయి అడిగాడు,
వానబండి ఆటలో నాది చెరిపెయ్యవు కదా,
ఇంకొక్క కొండే మిగిలింది.
లేదన్నాను. అరబీలో ఆ మాట నాకు బాగానే వచ్చు.

పొద్దున పదకొండు చొక్కాలు మడతపెట్టి ఇచ్చాను.
ఇస్త్రీ డబ్బులు తీసుకోలేదు.
ఐదులోంచి ఒకటీ వందా తీసేస్తే
నేనెంతకి కొన్నట్టో,
ఎటు కలిపినా కుదరలేదు లెక్క.

గదిలో నలుగురం, రెండు బంకు మంచాలు, ఒక ఏసీ.
బయట నడిరాత్రి కూడా నలభై.
హైతమ్ బండి కొండ మలుపు దగ్గర ఆగి ఉంది, వానలో, లైట్లు వేసుకుని.
దాన్నక్కడే వదిలి
కింది నుంచి నాదొకటి మొదలుపెట్టాను.
"ఎంతకి?" అని జిలానీ.
ఏడని చెప్పాను. ఎందుకో తెలీదు.
పెంచలయ్య బేరం గురించి ఏమీ అనలేదు.
పై మంచం మీంచి తల వంచి
వైపర్లనే చూస్తున్నాడు చాలాసేపు.
తరవాత అన్నాడు,
"సౌండు పెంచు."