కొలజాడీ

పరకాల కాలేజీ ల్యాబుల
బ్యూరెట్లు ఆరు, కారనియి రెండే.
మిగతావాటి నల్లాలకు ఓదెలన్న వాజిలిన్ రాస్తడు,
పసిపిల్ల చెవికి నూనె వెట్టినట్టు.

“నోటితో గుంజకు బిడ్డా, పిపెట్‌కు బల్బు వెట్టు.
నిలబడి కొలువకు, వంగు.
జాడీల నీళ్లు నడుమ కుంగుతయి,
ఆ కుంగిన కాడనే లెక్క.”
ఆయన చదివింది ఏడో తరగతి.

ఫినాఫ్తలీన్ గులాబీ తిరిగినంక
ఇంకో చుక్క పడకముందే ఆయన చెయ్యి ఆగుతది.
నాది ఎప్పుడూ రాణిరంగు దాటిపోతది.

సోమవారం, అమ్మ పత్తిమందు కొలిచే మూత
సబ్బుతో కడిగి, సంచిల దాసి పట్టుకపోయిన.
మూతెడు నీళ్లు కొలజాడీల ఒంపినం.
ఇద్దరం వంగినం.
పది అనుకున్నది పదహారు.

ఓదెలన్న తుడిచి మళ్ల పోసిండు.
పదహారే.
“ఎన్నేండ్ల సంది?”
తొమ్మిది.
అమ్మ చేతుల మంటకు రాసిన వెన్నపూస
యాదికొచ్చింది.

గంట కొట్టినంక ఆయన
పగిలిన సామాన్ల రిజిస్టర్ల
“కొలజాడీ, ఒకటి” అని రాసిండు.
పగలనిదాన్ని పాత పేపర్ల చుట్టి ఇచ్చిండు.

ఇప్పుడది పశువుల కొట్టం గూట్ల,
అన్నం గిన్నెలకు దూరంగ.
అమ్మకు అంకెలు రావు.
పది గీత కాడ ఎర్రదారం కట్టిన.
చేనుగట్టు మీద దాన్ని వెట్టి
నడుముకు చెయ్యానించి వంగుతది,
నన్ను మాట్లాడనియ్యదు.