బాకీ పుస్తకంలో ఒక పేరు

పద్నాలుగు నీటి అద్దాలు, ఊపిరి గొట్టాలు,
తొమ్మిది జతల రెక్కచెప్పులు,
నీలం తొట్టిలో మంచినీళ్ళు.
జెట్టీ మొదట్లో కొబ్బరాకుల నీడ కింద
ఒక బల్ల, గళ్ళ పుస్తకం, దారం కట్టిన పెన్సిలు.
నా దుకాణం ఇంతే.

వచ్చినవాళ్ళకి ముందు ఒకటే నేర్పుతాను:
అద్దంలో ఉమ్మండి.
మొహమాటపడతారు.
ఎంత చదువుకున్నవాళ్ళయినా ఉమ్మాల్సిందే,
లేకపోతే మీ ఊపిరే మీకు అడ్డంపడుతుంది.
వాళ్ళని పడవెక్కించుకుపోయే లా జుమా
ఈ మాట విన్నప్పుడల్లా నవ్వుతాడు:
"నీకెలా తెలుసు పిన్నీ, నువ్వెప్పుడు మునిగావని?"

మునగలేదు.
అరవై రెండేళ్ళు బండా సముద్రం నడుమ బతికి
మోకాలు దాటి నీళ్ళెరగను.

అయినా అడుగంతా నాకు తెలుసు.
తిరిగొచ్చినవాళ్ళ మొహాల మీద
అద్దం అచ్చు ఎర్రగా దిగి ఉంటుంది,
ఆ అచ్చులోంచి ఇంకా బయటికి రాని కళ్ళు.
వాళ్ళ భాష నాకు రాదు. చేతులు వస్తాయి.
రెండు చేతులూ బారజాపితే తాబేలు.
అరచెయ్యి నిటారుగా, మెల్లగా ఊగితే
పగడపు గోడ పక్కన తిరిగే సొర.
ఏమీ చెప్పకుండా ఇసుకలో చతికిలబడి
రొమ్ము మీద చెయ్యేసుకుంటే, దానికి పేరు లేదు.
అలాంటివాళ్ళని ఆ పూట అద్దె అడగను.
మర్నాడు వాళ్ళే తెచ్చిస్తారు.

లా మదీ కూడా చేతులతోనే చెప్పేవాడు.
నా పెనిమిటి.
పడవ మీద గాలి యంత్రం డబడబలాడుతుంటే
పసుప్పచ్చ గొట్టం పళ్ళ మధ్య కరుచుకుని
రాతిరొయ్యల కోసం దిగేవాడు.
నలభై మీటర్లనేవాడు, యాభై అనేవాడు.
ఓ రోజు యంత్రం ఆగింది.
ఒక్క గుక్కన పైకొచ్చాడు.
కాళ్ళు మాత్రం రాలేదు.

మూడేళ్ళు చాప మీద.
కసువామి తుంచి నోట్లో పెడుతుంటే
చేతులెత్తి చూపించేవాడు: ఇంత, ఇంత పెద్దది.
నేను గోడ వైపు చూసేదాన్ని.

పడమటి గాలి నెలల్లో పడవలు రావు.
మొన్న తొట్టి ఖాళీ చేస్తుంటే
పట్టీ తెగిన పిల్లల అద్దం ఒకటి దొరికింది.
వల దారంతో కుట్టాను.
నీళ్ళు పడతాయో లేదో చూడాలి కదా.
అంతే, వేరే కారణం లేదు.

లుంగీ బిగించి ఆఖరి మెట్టు మీద కూర్చున్నాను.
ఉమ్మబోతే నోరెండిపోయి ఉంది.
పదకొండేళ్ళుగా లోకానికి చెప్పిన మాట
నా నాలుక మీదే లేదు.
పడవ తాడు రెండు చేతులా పట్టుకుని
మొహం పెట్టాను.

ముందు చప్పుడు.
మూకుడులో ఎవరో పేలాలు వేయిస్తున్నట్టు
అన్ని వైపులా చిటపట.
ఇది ఏ చేతులూ చెప్పలేదు నాకు.
ఆయనవీ చెప్పలేదు.

తర్వాత, స్తంభం మొదట్లో, ఒక టీ గ్లాసు.
గీతల గాజుది, అంచు కాస్త పగిలింది.
ఆయనకి టీ పోసిచ్చే గ్లాసు.
ఇదే మెట్టు మీద తోముతుంటే జారిపోయింది,
ఎవరో ఎత్తుకెళ్ళారని ఊరంతా తిట్టాను.
అందులో బొటనవేలంత చేప ఒకటి
లోపలంతా అంటించుకున్న గుడ్లకి
రెక్కలతో విసురుతోంది.
నన్ను చూసి బయటికొచ్చింది.
అద్దాన్ని పొడిచింది. మళ్ళీ పొడిచింది.
"అది నా గ్లాసే!" అని అరిచాను నీళ్ళలో.

నోటినిండా ఉప్పు.
దగ్గుతూ, నవ్వుతూ, తాడు పట్టుకుని లేచాను.
జెట్టీ మీద ఇమాముగారి మేక తప్ప ఎవరూ లేరు.
దానికే చూపించాను, చెయ్యెత్తి,
బొటనవేలు నిలబెట్టి:
ఇంత.

అద్దాన్ని మంచినీళ్ళలో కడిగాను.
నీడలో ఆరేశాను.
పుస్తకం తెరిచి తేదీ వేశాను.
వా రుసియా. అద్దం ఒకటి, చిన్నది. అరగంట.
డబ్బుల గడిలో: బాకీ.